పరధ్యానం నుంచి ఎరుక దాకా

(ఆదివారం ఉదయం తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)

ఆదివారం పొద్దున్నే రేడియో పెట్టుకున్నవాళ్ళు రకరకాల పనుల్లో ఉంటారు. కొందరు గుడికి వెళ్తూ కారులో వింటుంటారు. కొందరు వంటింట్లో ఇడ్లీ పిండి కలుపుతూ వింటుంటారు. ఇంకొందరు పిల్లల్ని తెలుగు బడిలో దింపి, పార్కింగ్ లాట్‌లో కూర్చుని వింటుంటారు. వీళ్ళు కాక ఇంకో వర్గం కూడా ఉంది. రేడియో మోగుతూనే ఉంటుంది, చెవుల్లో మాట పడుతూనే ఉంటుంది, కానీ వాళ్ళు వినరు. మనసు ఇంకెక్కడో ఉంటుంది. ఈ రోజు నేను మాట్లాడబోయేది వాళ్ళ గురించే. వాళ్ళు అంటే ఎవరో కాదు, రోజులో ఏదో ఒక సమయంలో మనమందరమూ ఆ వర్గంలోకి వస్తాం.

దీనికి మన తెలుగులో చక్కని మాట ఉంది, పరధ్యానం. "వాడు పరధ్యానంగా ఉన్నాడు, పిలిచినా పలకడు" అంటాం. ఆ మాటను కాస్త విడదీసి చూడండి. పర అంటే ఇంకొకటి. పరధ్యానం అంటే ఇంకొకదాని మీద ధ్యానం. అంటే మన పెద్దవాళ్ళ దృష్టిలో పరధ్యానం కూడా ఒక రకం ధ్యానమే! "ధ్యానం నాకు రాదండీ, నా మనసు నిలవదండీ" అనేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. నిజానికి మనకు ధ్యానం బాగానే వచ్చు. సోమవారం రాబోయే రివ్యూ మీటింగ్ గురించి ఆదివారం సాయంత్రం మూడు గంటల సేపు ఏకాగ్రతతో ధ్యానం చేయగలం. గ్రీన్ కార్డు గురించి పదేళ్ళుగా చేస్తున్నవాళ్ళు ఉన్నారు. పదేళ్ళ తపస్సు మాటలా? కాకపోతే ఆ ధ్యానం మనం కూర్చున్న చోట ఉన్నదాని మీద కాదు, లేనిదాని మీద. అంతే తేడా.

ఈ పరధ్యానం ఎంత ఉంటుందో కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2010లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళు ఐఫోన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం తయారుచేసి, 2,250 మందిని రోజులో ఎప్పుడు పడితే అప్పుడు పలకరించి అడిగారు: ఇప్పుడు మీరు ఏం చేస్తున్నారు, మీ మనసు ఆ పని మీదే ఉందా, ఈ క్షణాన మీరు ఎంత సంతోషంగా ఉన్నారు అని. జవాబులన్నీ పోగుచేసి చూస్తే 46.9 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అంటే మెలకువగా ఉన్న సమయంలో ఇంచుమించు సగం. మనసు వేరే చోట ఉన్నప్పుడు సంతోషం కూడా తక్కువగానే ఉంది. ఇంకో వింత ఏమిటంటే, మనసు ఏదో మంచి విషయం మీదికి పోయినప్పుడు కూడా, చేస్తున్న పని మీదే ఉన్నవాళ్ళకంటే ఎక్కువ సంతోషమేమీ కనబడలేదు. ఊహల్లో హవాయి బీచ్‌కి వెళ్ళొచ్చినా దక్కింది ఏమీ లేదన్నమాట.

ఈ దేశంలో దీనికి విరుగుడుగా ఒక మాట బాగా చలామణీలోకి వచ్చింది, మైండ్‌ఫుల్‌నెస్. ఆఫీసు వెల్‌నెస్ ఈమెయిళ్ళలో అదే, పిల్లల బడిలో అదే, డాక్టరు గారి వెయిటింగ్ రూములో పెట్టిన కరపత్రంలోనూ అదే. వినీ వినీ కొందరికి విసుగు కూడా వచ్చి ఉంటుంది. అయితే ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, అది మన ఇంటి సరుకేనని తెలుస్తుంది.

పాళీ భాషలో సతి అనే మాట ఉంది. సంస్కృతంలో అదే స్మృతి. 1881లో రైస్ డేవిడ్స్ అనే ఇంగ్లీషు పండితుడు బౌద్ధ సూత్రాలను అనువదిస్తూ ఈ సతి అనే మాటకు మైండ్‌ఫుల్‌నెస్ అని వాడాడు. స్మృతి అంటే జ్ఞాపకం కదా, జ్ఞాపకానికీ ఈ క్షణంలో ఉండటానికీ సంబంధమేమిటి అని మీకు అనుమానం రావచ్చు. తెలుగువాళ్ళకి ఈ అనుమానం తీర్చుకోవడం తేలిక. మనం "స్మారకం తప్పి పడిపోయాడు" అంటాం. స్మారకం కూడా జ్ఞాపకం అనే ధాతువు నుంచి వచ్చినదే, కానీ మన వాడుకలో దానికి తెలివితో ఉండటం అని అర్థం. నేను ఇక్కడ ఉన్నాను, ఈ పని చేస్తున్నాను అన్న సంగతి మరచిపోకుండా ఉండటమే సతి. దీనికే తెలుగులో ఎరుక అని ఇంకా అందమైన మాట ఉంది. తెలంగాణలో "గా ముచ్చట నీకెరుకేనా?" అని రోజూ వాడతారు. "సోయి ఉండి మాట్లాడు" అంటారు. ఎరుక, సోయి, స్మారకం, స్పృహ, ధ్యాస - ఒక్క సంగతికి ఇన్ని మాటలున్న భాష మనది. మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట నోరు తిరగకపోతే దిగులు పడకండి, ఎరుక అనుకోండి.

ఇది మన నేలకి కొత్త కూడా కాదు. అమరావతి, నాగార్జునకొండ, విశాఖపట్నం దగ్గర బావికొండ, తొట్లకొండ - కృష్ణా తీరంలోనూ సముద్రం ఒడ్డునా బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఊపిరి లోపలికి వస్తోంది, బయటికి వెళ్తోంది అని గమనించే సాధనను ఆనాపానసతి అంటారు. ఈ పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఆంధ్రదేశంలో పిరమిడ్ ధ్యాన కేంద్రాల ద్వారా "శ్వాస మీద ధ్యాస" అన్న మాట ఊరూరా వినబడింది. మీ పిన్నిగారో బాబాయిగారో అమెరికా వచ్చినప్పుడు బేస్‌మెంట్‌లో కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటారు, గుర్తు తెచ్చుకోండి.

మరి ఇది అమెరికా ఆసుపత్రుల దాకా ఎలా వచ్చింది? ఆ దారి కొంచెం చుట్టుదారి. బర్మాలో ఈ సాధన గృహస్థుల్లో నిలిచి ఉంది. మాండలేలో 1924లో పుట్టిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన మైగ్రేన్ తలనొప్పితో బాధపడుతూ, 1955లో సయాజీ ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్ళాడు. ఆ గురువుగారు సన్యాసి కాదు, ప్రభుత్వ ఉద్యోగి, అకౌంటెంట్ జనరల్! 1969లో గోయెంకా భారతదేశానికి వచ్చి విపశ్యన శిబిరాలు మొదలుపెట్టారు. బుద్ధగయలో ఆయన దగ్గర నేర్చుకున్న అమెరికన్ యువతీ యువకుల్లో షారన్ సాల్జ్‌బర్గ్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఉన్నారు. వాళ్ళు తిరిగొచ్చి, జాక్ కార్న్‌ఫీల్డ్‌తో కలిసి మసాచుసెట్స్‌లో బ్యారీ అనే చిన్న ఊళ్ళో ధ్యాన కేంద్రం పెట్టారు. ఎం.ఐ.టి.లో మాలిక్యులర్ బయాలజీలో డాక్టరేట్ చేసిన జాన్ కబాట్-జిన్ ఆ బ్యారీలో ధ్యానానికి వెళ్ళినప్పుడే, దీన్ని ఆసుపత్రిలో రోగులకు చెబితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చిందని చెప్పారు. 1979లో దగ్గర్లోనే ఉన్న వూస్టర్ నగరంలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వారి వైద్య కేంద్రంలో ఆయన క్లాసులు మొదలుపెట్టారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేసినా నొప్పి తగ్గని రోగులు ఆయన దగ్గరికి వచ్చేవారు.

ఆ కోర్సు ఎనిమిది వారాలు. వారానికోసారి రెండున్నర గంటల క్లాసు, మధ్యలో ఒక రోజంతా మౌనం, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట సాధన. మొదటి పాఠం ఏమిటో తెలుసా? ఒక్క ఎండు ద్రాక్ష. దాన్ని చేతిలో పెట్టి, మొదటిసారి చూస్తున్నట్టు చూడమంటారు, వాసన చూడమంటారు, తర్వాత మెల్లగా నమలమంటారు. మనం పాయసంలో గుప్పెడు వేసి, పేరు కూడా తలుచుకోకుండా మింగేస్తాం. అక్కడ ఒక్కదానికి అయిదు నిమిషాలు పడుతుంది.

ఈ దేశంతో ముడిపడ్డ ఇంకో తెలుగాయన గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ లోయకి వచ్చారు. లోకం తిరుగుతూనే ఉన్నా ఆ ఊరు ఆయనకు ఇల్లుగా ఉండిపోయింది. 1986 ఫిబ్రవరి 17న కన్నుమూసింది కూడా అక్కడే. ఓక్ చెట్ల తోపులో కూర్చున్న జనానికి ఆయన దశాబ్దాల పాటు చెప్పింది గమనించడం గురించే. ఇది మంచి, ఇది చెడు అని ఎంచకుండా, మనసులో జరుగుతున్నది జరుగుతున్నట్టు చూడమనేవారు. అయితే ఆయనకు పద్ధతులంటే పడదు. రోజూ ఇన్ని నిమిషాలు ఇలా కూర్చోండి అని నియమం పెడితే మనసు మరమనిషిలా తయారవుతుందని ఆయన అభిప్రాయం. ఆ హెచ్చరికలో నిజం ఉంది. జపమాల తిప్పుతూ టీవీ సీరియల్ చూసేవాళ్ళు మనకు తెలియనివాళ్ళు కాదు. కానీ మనలాంటి మామూలు మనుషులకు మొదట్లో ఒక చట్రం కావాలి. ఈత వచ్చాక ట్యూబు అక్కర్లేదు, వచ్చేదాకా కావాలి. అందుకని పద్ధతి చెబుతాను, ఆయన హెచ్చరిక మాత్రం పక్కన పెట్టుకోండి.

ఇంతకీ దీనివల్ల ఉపయోగం ఉందా? అతిశయోక్తి లేకుండా చెప్పాలంటే, ఉంది, కానీ ప్రకటనల్లో చెప్పినంత లేదు. 2014లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 47 అధ్యయనాలను, అందులో పాల్గొన్న 3,515 మంది ఫలితాలను కలిపి చూశారు. ఆందోళన, కుంగుబాటు, నొప్పి - ఈ మూడింటిలో ఓ మోస్తరు మేలు కనబడింది. వ్యాయామం కంటే, మందుల కంటే ఇదే గొప్పదనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. 2022లో ఎలిజబెత్ హోగ్ బృందం ఆందోళన రుగ్మత ఉన్న 276 మంది మీద చేసిన పరిశోధన ప్రచురించింది. కొందరికి ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర ఇచ్చారు, కొందరికి నేను ఇందాక చెప్పిన ఎనిమిది వారాల కోర్సు. చివరికి ఇద్దరికీ ఇంచుమించు సమానంగా తగ్గింది. కానీ ఒక మాట గమనించండి. ఆ కోర్సువాళ్ళకు రోజుకి ముప్పావు గంట సాధన ఉంది. ఫోనులో ఒక యాప్ దింపుకుని రెండు రోజులు వాడి వదిలేస్తే ఆ ఫలితం రాదు.

సరే, ఎలా మొదలుపెట్టాలి? ముప్పావు గంట అనగానే భయపడకండి. అయిదు నిమిషాలు చాలు. పిల్లలు లేవకముందు గానీ, ఆఫీసు దగ్గర కారు ఆపి దిగే ముందు గానీ. కుర్చీలో కూర్చోవచ్చు, పద్మాసనం అక్కర్లేదు. వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా పెట్టుకోండి. అయిదు నిమిషాలకి ఫోనులో టైమరు పెట్టి, ఫోను బోర్లా పెట్టండి. ఊపిరి ఎక్కడ బాగా తెలుస్తోందో చూసుకోండి. కొందరికి ముక్కు కొన దగ్గర, కొందరికి పొట్ట దగ్గర. ఊపిరిని మార్చొద్దు. ఇది ప్రాణాయామం కాదు. వస్తున్నదాన్ని రానివ్వండి, పోతున్నదాన్ని పోనివ్వండి, తెలుస్తూ ఉంటే చాలు.

రెండు ఊపిరులు అయ్యేసరికి మనసు పారిపోతుంది. ఇన్స్యూరెన్సు రెన్యువల్ గుర్తొస్తుంది, నిన్న పార్టీలో ఎవరో అన్న మాట గుర్తొస్తుంది. నూటికి తొంభై మంది వదిలేసేది ఇక్కడే. "నాకు కుదరదు" అనేస్తారు. అసలు సాధన మొదలయ్యేది అక్కడేనని చెబితే మీరు నమ్మకపోవచ్చు. మనసు పారిపోయిందని తెలిసిన ఆ ఒక్క క్షణమే ఎరుక. దాన్ని తిట్టకుండా, బజారులో చెయ్యి విడిపించుకున్న చంటిపిల్లని మళ్ళీ పట్టుకున్నట్టు, మెల్లగా ఊపిరి దగ్గరికి తీసుకురండి. అయిదు నిమిషాల్లో యాభైసార్లు పారిపోతే యాభైసార్లు తీసుకొచ్చారన్నమాట. జిమ్‌లో బరువు యాభైసార్లు ఎత్తినట్టే. మనసు ఖాళీ కావడం లక్ష్యం కాదు, తిరిగి రావడం లక్ష్యం.

నా పని సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ కాబట్టి ఆ భాషలో ఒక పోలిక. ఏదైనా సిస్టంలో గొడవ వస్తే మొదట లాగ్ చూస్తాం. లాగ్ ఎవరినీ తప్పు పట్టదు, ఏదీ సరిచేయదు. ఇన్ని గంటలకు ఇది జరిగింది, ఇన్ని గంటలకు ఇది జరిగింది అని రాస్తుంది, అంతే. అయిదు నిమిషాలు మీరు అలా లాగ్‌లా ఉండండి. ఆలోచన వచ్చింది. కోపం వచ్చింది. మోకాలు నొప్పి పుడుతోంది. సరిచేసే పని తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు మనం కలిసి ఒక్క మూడు ఊపిరులు గమనిద్దాం. కారు నడుపుతున్నవాళ్ళు దయచేసి కళ్ళు మూయకండి! మీరు స్టీరింగు మీద మీ చేతులు ఎలా ఉన్నాయో గమనించండి చాలు, చూపు రోడ్డు మీదే ఉండాలి. మిగతావాళ్ళు చేస్తున్న పని ఒక్క పది పదిహేను సెకన్లు ఆపండి. రేడియోలో మాట ఆగితే సాంకేతిక లోపం అనుకుంటారు గానీ, ఇది కావాలని ఆపుతున్నది.

(కొద్ది క్షణాల నిశ్శబ్దం)

ఇంతే సంగతి. ఫ్రిజ్ చప్పుడు వినిపించిందా? అది ఇందాకటి నుంచీ అక్కడే ఉంది.

మొదటి వారం ఈ అయిదు నిమిషాలు. రెండో వారం దీనికి తోడుగా, రోజూ ఎలాగూ చేసే పని ఒకటి ఎంచుకోండి. పళ్ళు తోముకోవడం కావచ్చు, గిన్నెలు కడగడం కావచ్చు, బియ్యం కడగడం కావచ్చు. ఆ ఒక్క పని ఎరుకతో చేయండి. మన వంటింట్లోనే దీనికి మంచి గురువు ఉంది, పోపు. నూనె కాగాక ఆవాలు వేసి, అవి చిటపటలాడి, మినప్పప్పు ఎర్రబడి, ఎండుమిర్చి రంగు మారే ఆ అర నిమిషం ఎవరూ పరధ్యానంగా ఉండలేరు. ఉంటే ఇంట్లో స్మోక్ అలారం వెంటనే చెబుతుంది. పోపు వేసేటప్పుడు మీ కళ్ళూ చెవులూ ముక్కూ ఎంత మెలకువగా ఉంటాయో, ఆ మెలకువను మిగతా పనుల్లోకి కొంచెం కొంచెం తేవడమే మనం చేయబోయేది. మూడో వారం, ఆఫీసులో ఒక మీటింగు అయ్యాక ఇంకో మీటింగులోకి దూకే ముందు మూడు ఊపిరులు. నాలుగో వారం, ఇంట్లోవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు జవాబు తయారుచేసుకోకుండా చివరిదాకా వినడం. ఇది అన్నిటికంటే కష్టం, ముందే చెబుతున్నాను.

"మాకు పూజ ఉంది, సంధ్యావందనం ఉంది, మళ్ళీ ఇదెందుకు?" అని అడిగేవాళ్ళున్నారు. చాలా మంచిది. అదే ఎరుకతో చేయండి. కొత్తది ఏదీ పెట్టుకోనక్కర్లేదు. నమాజు చేసేవాళ్ళు, ప్రార్థన చేసేవాళ్ళు కూడా అంతే. దీనికి మతం మారనక్కర్లేదు, కొత్త దేవుడూ అక్కర్లేదు.

ఇంకొందరు అడుగుతారు: "ఈ క్షణంలో ఉండమంటున్నారు, మరి రేపటి సంగతి ఎవరు చూస్తారు? హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు. ఆలోచించకుండా ఎలా?" న్యాయమైన ప్రశ్న. ఎరుకతో ఉండటం అంటే ప్లాను వేయొద్దని కాదు. ప్లాను వేసేటప్పుడు ప్లాను వేయండి, కాగితం మీద రాసుకోండి, అత్యవసరానికి డబ్బు పక్కన పెట్టుకోండి. కానీ ఒక ఉదాహరణ చూడండి. వీసా బులెటిన్ నెలకోసారి విడుదలవుతుంది. నెలకోసారి చూస్తే అది సమాచారం. రోజూ నాలుగుసార్లు చూస్తే అందులో తేదీ మారదు, మన రక్తపోటు మారుతుంది. చేయాల్సింది చేశాక కూడా అదే తలపు తిరుగుతూ ఉంటే అది ప్లాను కాదు, పరధ్యానం. ఆ రెండింటికీ తేడా తెలియడమే ఈ సాధన ఇచ్చే మొదటి ఫలం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ సాధన వల్ల ఒత్తిడి తగ్గుతుందా, నిద్ర పడుతుందా అన్నవి చిన్న లెక్కలు. పరదేశంలో ఉన్న మనకు ఇంకో పెద్ద లెక్క ఉంది. ఇండియాలో ఉన్న అమ్మానాన్నల వయసు 70 అనుకుందాం. దేవుడి దయ వల్ల ఇంకో 15 ఏళ్ళు ఆరోగ్యంగా ఉంటారనుకుందాం. మనం రెండేళ్ళకోసారి మూడు వారాలు వెళ్తాం. అంటే ఏడు ప్రయాణాలు. ఏడు మూళ్ళు 21 వారాలు. ఐదు నెలలకు కాస్త తక్కువ. వాళ్ళతో మనకు ఎదురెదురుగా మిగిలిన కాలం అంతే. అందులో జెట్‌లాగ్ తీసేయండి, వీసా స్టాంపింగు తీసేయండి, బంధువుల పెళ్ళిళ్ళు, షాపింగు తీసేయండి. మిగిలినదాంట్లో సగం, ఆ హార్వర్డ్ లెక్క ప్రకారం, మనం అక్కడ కూర్చుని కూడా ఉండం. మరి మనకు మిగిలేది ఎంత?

మిగతా కాలమంతా ఫోనే. శనివారం రాత్రి మనకు, ఆదివారం పొద్దున్న వాళ్ళకు. అమ్మ "తిన్నావా?" అంటుంది. మనం వీడియో కాల్‌లో ముఖం చూపిస్తూ పక్క కిటికీలో మెయిల్ చదువుతూ "ఊఁ" అంటాం. అమ్మకు తెలియదనుకోకండి. కళ్ళు ఎటు తిరుగుతున్నాయో పదివేల మైళ్ళ దూరం నుంచి కూడా తల్లికి తెలుస్తుంది. "పనిలో ఉన్నట్టున్నావు, ఉంటానమ్మా" అని తనే పెట్టేస్తుంది. చెప్పాలనుకున్న మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పకుండానే. కాబట్టి సాధనకి ఇంకో చోటు కావాలంటే ఇదే. వారానికి ఇరవై నిమిషాలు. మిగతా కిటికీలన్నీ మూసేయండి. అమ్మ గొంతు ఎలా ఉంది, గస పెడుతోందా, నాన్నగారు వెనక ఏం చేస్తున్నారు, ఇవి వినండి. మన ఎరుక వల్ల ఒక డాక్టరు అపాయింట్‌మెంట్ ముందుగా పడినా పడొచ్చు.

పిల్లల సంగతీ అంతే. వాళ్ళకు మనం నేర్పాలనుకున్నది వాళ్ళు నేర్చుకోరు, మనం చేసేది నేర్చుకుంటారు. భోజనాల బల్ల దగ్గర ఫోను పక్కన పెట్టండి అని చెప్పే అర్హత, మన ఫోను పక్క గదిలో ఉన్నప్పుడే వస్తుంది.

రెండు హెచ్చరికలు చెప్పి ముగిస్తాను. మొదటిది, ఇది మందుకు బదులు కాదు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదనిపించినా, ఊపిరి గమనించుకుంటూ కూర్చోకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మనవాళ్ళలో "నలుగురూ ఏమనుకుంటారో" అన్న భయం ఎక్కువ. 2022 జూలై నుంచి ఈ దేశంలో 988 అనే మూడంకెల నంబరు ఉంది, రాత్రీ పగలూ పలుకుతారు. రాసి పెట్టుకోండి. పాత గాయాలు, పెద్ద దుర్ఘటనలు మనసులో ఉన్నవాళ్ళకు కళ్ళు మూసుకుని కూర్చుంటే అవి పైకి రావచ్చు. అలా అయితే కళ్ళు తెరవండి, లేచి నడవండి, తెలిసిన నిపుణులతో మాట్లాడి ముందుకు వెళ్ళండి.

రెండోది, సాధన పేరుతో అన్యాయాన్ని భరించనక్కర్లేదు. వారానికి 70 గంటలు పని చేయించుకుని, మీరు ప్రశాంతంగా లేరంటే అది మీ లోపమేనని ఒక యాప్ చేతిలో పెడితే, జబ్బు ఎవరిదో మందు ఎవరికో ఆలోచించాలి. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రొనాల్డ్ పర్సర్ 2019లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. ఎరుక పెరిగితే ఓపిక పెరగడమే కాదు, ఎక్కడ "కుదరదు" అని చెప్పాలో కూడా తెలియాలి.

ఇంకా లోతుగా నేర్చుకోవాలన్నవాళ్ళకు దారులున్నాయి. గోయెంకాగారి పద్ధతిలో పది రోజుల శిబిరాలు జరుగుతాయి. మసాచుసెట్స్‌లో షెల్‌బర్న్ ఫాల్స్ దగ్గర 1982లో మొదలైన కేంద్రం ఉత్తర అమెరికాలో అలాంటివాటిలో మొదటిది. హైదరాబాదులో వనస్థలిపురం వైపు కూడా వారి కేంద్రం ఉంది. రుసుము ఉండదు, శిబిరం పూర్తయ్యాక తోచింది ఇవ్వొచ్చు. కానీ పది రోజులు మౌనం, ఫోను ఉండదు, పొద్దున్న నాలుగింటికి లేవాలి. ఇంట్లో అయిదు నిమిషాలు కూర్చోవడం అలవాటయ్యాక ఆలోచించండి. ఎనిమిది వారాల కోర్సులు చాలా ఆసుపత్రుల్లో దొరుకుతాయి. మీ డాక్టరుగారిని అడగండి, ఇన్స్యూరెన్సు ఇస్తుందో లేదో కూడా కనుక్కోండి.

రేపు సోమవారం. రేపు మొదలుపెడతానని అనుకుంటున్నారా? అదిగో, మళ్ళీ రేపటికి వెళ్ళిపోయారు. ఈ రోజు ఇంకా చాలా మిగిలి ఉంది, అయిదు నిమిషాలు దొరక్కపోవు.